కొత్తిమీర లేని ఆదివారం

పడవ కదలడం లేదు. తాళ్లు విప్పినట్టే విప్పి మళ్లీ కట్టేశారు. ఇంజను మాత్రం అడుగున ఎక్కడో గురక పెడుతూనే ఉంది, కిటికీ అద్దానికి ఇదలీనా చెంప ఆనించి ఉన్న చోట ఆ గురక పళ్లదాకా వచ్చి వణుకుతోంది. అద్దం అవతల నది లేదు. బుద్ధెరిగిన దగ్గర్నుంచి చూస్తున్న తేజో నది, ఆవలి ఒడ్డున కొండల మీద మెట్లు మెట్లుగా లిస్బన్ ఊరు, అన్నిటినీ ఎవరో పాలలో ముంచేసినట్టు మాయమయ్యాయి. మంచు కాస్త పలచబడేదాకా కాసిలియాస్ రేవు నుంచి పడవ వెళ్లదని టోపీవాడు వచ్చి చెప్పిపోయాడు, అరగంట కావచ్చు, గంట కావచ్చు, దేవుడి దయ. నవంబరు ఆదివారం, సాయంత్రం నాలుగున్నర. మూడు బల్లల ముందు సెలెస్త్ కూర్చుంది, వీపు ఇటు పెట్టి. ఆ వీపు మీద ఆకుపచ్చ శాలువా కోపంగా ఉంది. శాలువాకి కోపమేమిటి అనుకుంది ఇదలీనా, కానీ ఉంది, అరవై ఏళ్లుగా ఎరిగిన వీపు అది, బళ్లో ముందు బల్ల మీద కూర్చున్నప్పుడు కూడా కోపమొస్తే ఎడమ భుజం ఇలాగే ఒక అంగుళం పైకి లేచేది. ఇద్దరికీ మధ్య, నడవలో, ఖాళీ బల్లలు ఎన్ని ఉన్నా కూర్చోకుండా, పైనున్న కడ్డీ పట్టుకుని అర్మిందో నిలబడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్లు ట్రామ్ నడిపినవాడు, కదిలేది ఏదెక్కినా నిలబడే ఉంటాడు. కదలనిదెక్కినా.

"మీరిద్దరూ ఇలా చెరో మూల కూర్చుంటే ఎటు ఒరగాలో తెలీక ఆగిపోయింది పడవ," అన్నాడు ఎవరికీ చెప్పనట్టు.

ఎవరూ నవ్వలేదు. నవ్వు రాక కాదు. ఇదలీనా కళ్లు మూసుకుంది, మూసుకున్నా తెల్లగానే ఉంది, ఆ తెలుపులోంచి పొద్దుటి కాఫీ కప్పు తేలుతూ వచ్చింది, గ్రాసా కొండమీద చర్చి పక్కన, చలికి వేళ్లు కప్పు చుట్టూ కప్పుకుని ముగ్గురూ, కింద ఊరు అప్పటికి మంచు లేకుండా శుభ్రంగా, ఉతికి ఆరేసినట్టు. ఏడాదికొకసారి, నవంబరులో ఒక ఆదివారం, ముగ్గురే. పెళ్లిళ్లు కాకముందు మొదలైంది, పెళ్లిళ్లయినా ఆగలేదు, ఇదలీనా భర్త జెఫరీనో పోయిన ఏడు కూడా ఆగలేదు. ఒక్కొక్కరూ ఒక పేట చెప్పాలి, ఒక తిండి చెప్పాలి, మిగిలిన ఇద్దరూ కాదనకూడదు. పుట్టి పెరిగిన ఊళ్లో తిరగడానికి ఒక రోజేమిటి అని జెఫరీనో ఎగతాళి చేసేవాడు. మద్రగోవా పేటలో తన ఆరు బల్లల పూటకూళ్ల కొట్టులోంచి బయటికి రాకుండా వారానికి ఆరు రోజులు పొయ్యి ముందు నిలబడేదానికి ఏ పేటయినా పరదేశమే అని అతనికి తెలీదా, తెలుసు, ఊరికే అనేవాడు. కాఫీ వేడిగా తగిలింది. చేదుగా తగిలింది. అంతే. "ఈ ఏడు గింజలు బాగా వేయించారు," అన్నాడు అర్మిందో, "అవును, కమ్మగా ఉంది," అంది ఇదలీనా వెంటనే, సెలెస్త్ కప్పు మీంచి చూసింది, ఒక్క క్షణం, అప్పుడే అనుమానించాల్సింది, అనుమానించలేదు.

ఫిబ్రవరి జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది. అయిదో రోజు లేచి వెల్లుల్లి నూనెలో వేసి, అది చిటపటమంటుంటే, ఏదో తప్పు జరిగినట్టు చుట్టూ చూసింది, చప్పుడుంది, రంగుంది, వెల్లుల్లి లేదు. కొత్తిమీర నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది, తడి తగిలింది. నిమ్మతొక్క గీకింది, చెమ్మ. చేపల తలలు, సబ్బు, జెఫరీనో కోటు, అల్మరా తెరిచి ఆ కోటులో ముఖం పెట్టి నిలబడింది చాలాసేపు, బట్ట, ఒట్టి బట్ట. నాలుకకి ఉప్పు తెలుస్తుంది, తీపి, పులుపు తెలుస్తాయి, వాటి వెనకాల ఉండాల్సింది ఉండదు. నెలలో వస్తుందన్నాడు డాక్టరు. తర్వాత మూడు నెలల్లో అన్నాడు. ఆ తర్వాత వయసు అడిగాడు. ఇదలీనా మళ్లీ వెళ్లలేదు. చేతికి తెలుసు కదా, నలభై ఏళ్ల చెయ్యి, ఎంత ఉప్పు, ఎంత నూనె, ఎన్ని రెబ్బలు, కళ్లు మూసినా వండుతుంది, ముక్కు మూసుకుపోతే మాత్రం వండదా? వండింది. జనం తిన్నారు. తిన్నవాళ్ల ముఖాలు చూసి రుచి తెలుసుకోవడం నేర్చుకుంది, కిటికీలోంచి, పళ్లేలు అందిస్తూ, కనుబొమ్మ లేస్తే ఒకటి, రొట్టెతో పళ్లెం తుడుచుకుంటే ఒకటి. ఎవరికీ చెప్పలేదు. వంటమనిషి ముక్కు పోయిందంటే ఊళ్లో ఎవరైనా ఆ గడప తొక్కుతారా? కానీ సెలెస్త్‌కైనా చెప్పొచ్చు కదా. అదే. అదే ఇప్పుడు ఈ అద్దం మీద చెంప పెట్టుకుని ఆలోచిస్తున్నది, సెలెస్త్‌కెందుకు చెప్పలేదు, మొదటి నెల సిగ్గు, రెండో నెల ఆశ, మూడో నెలకి చెప్పకపోవడమే ఒక తప్పయి కూర్చుంది, ఇక దాన్ని ఎక్కడినుంచి విప్పాలో తెలీలేదు.

మొరారియాలో సమోసాలు సెలెస్త్ ఎంపిక. ఇరుకు సందు, పైన తాళ్ల మీద ఎవరివో పిల్లల బట్టలు, మొజాంబిక్ నుంచి వచ్చిన ఫెలిజ్‌బెలా కొట్టు, గుమ్మంలోనే నూనె మూకుడు, "రండి మహారాణులూ, రాజావారూ, ఏడాదికొకసారి కనపడతారు, నేను బతికున్నానో లేదో చూసిపోవడానికా?" అని ఆవిడ. సమోసా కొరికితే కరకరలాడింది, లోపల వేడి, కారం నాలుక చివర సూదిలా. జీలకర్ర ఉండాలి ఇక్కడ, అనుకుంది ఇదలీనా, ఇదే చోటు, ఈ కరకరకీ ఈ కారానికీ మధ్య, ఆ ఖాళీ దగ్గర నిలబడి పిలిచింది జీలకర్రని, పేరు పెట్టి, పోయిన పిల్లిని పిలిచినట్టు. పైమెట్టు మీద కూర్చుని సెలెస్త్ తింటోంది, ఆమె కళ్లు సగం మూతపడ్డాయి, కాబట్టి ఇదలీనా కూడా సగం మూసింది. "జీలకర్ర దట్టంగా పట్టించింది ఈసారి," అంది. "పట్టించింది," అంది సెలెస్త్. నిజమే చెప్పింది మరి. ఆ ఒక్కసారికి నిజమే.

అర్మిందోది అల్కాంతరా పేట, ట్రాముల షెడ్డు వెనకాల, నిలబడి తినే కొట్టు, రొట్టె చీల్చి మధ్యలో పంది మాంసం పెట్టి ఇస్తారు, ఆవపిండి ముద్ద సీసాలోంచి ఎవరిష్టం వాళ్లు పిండుకోవాలి. పాత ట్రాము డ్రైవర్లు నలుగురు అర్మిందో వీపు చరిచారు, "ఏరా, ఇద్దరాడవాళ్లని వెంటేసుకుని తిరుగుతున్నావు, ఒకదాన్నీ కట్టుకోలేకపోయావు," అన్నాడొకడు, "ఇద్దరూ ఒకేసారి ఎక్కారు, టిక్కెట్టు ఎవరికి కొట్టాలో తేల్చుకోలేకపోయాను," అన్నాడు అర్మిందో, నలభై ఏళ్లుగా అదే జవాబు, అందులో ఎంత నిజమో ముగ్గురూ ఎన్నడూ అడగలేదు. ఇదలీనా ఆవపిండి ఎక్కువ పిండుకుంది. కొరికింది. ఉన్నట్టుండి ముక్కు లోపల, కళ్ల వెనక, నుదుటిదాకా ఏదో మంటలా లేచింది, వచ్చింది, వచ్చేసింది అనుకుంది, నోరు తెరిచి గాలి పీల్చింది, ఇప్పుడు మాంసం, ఇప్పుడు వెల్లుల్లి, ఇప్పుడు రొట్టె, ఒకటొకటిగా వస్తాయని నిలబడి చూసింది. ఏవీ రాలేదు. ఆవఘాటు ముక్కుని పొడుస్తుంది, అది వాసన కాదు, ఒట్టి పోటు. కళ్లవెంట నీళ్లు కారాయి.

"ఏడుస్తున్నావేమిటే?" అన్నాడు అర్మిందో.

"ఆవఘాటు," అంది.

నిజానికి ఆమె ఈ రోజంతా సెలవు తీసుకుంటూ తిరిగింది, వాళ్లకి తెలీదు. ఈ నెలాఖరుకి కొట్టు మూసేద్దామని నిశ్చయించుకుని మూడు వారాలయింది, ఆ అక్టోబరు పొద్దు నుంచి. ఆ పొద్దు మళ్లీ వచ్చింది ఇప్పుడు, రాకపోతే బాగుండు, కానీ ఇంజను గురక ఆగి ఆగి పెడుతుంటే ఆ నిశ్శబ్దాల్లో వచ్చింది. వంటగదిలో చీకటి, పొయ్యి ముందు తను, అగ్గిపెట్టె తెరిచి పుల్ల తీసింది, పెట్టె పక్కన ఆనించింది, అప్పుడు పై అంతస్తు కిటికీలోంచి హెర్మీనియా కేక, "ఇదలీనా! గియ్యకు! అగ్గిపుల్ల గియ్యకు! వీధంతా గ్యాసు కంపు కొడుతోంటే నీకు తెలీట్లేదా?" తెలీట్లేదు. రాత్రంతా గొట్టం కారుతూనే ఉంది, గదినిండా చావు ఉంది, తను అందులోకి చక్కగా ఏప్రన్ కట్టుకుని నడిచి వచ్చింది. చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది ఎంతసేపో. పైన హెర్మీనియా ఉంది, ఆవిడ మనవరాలుంది, పక్కింట్లో దర్జీ ఉన్నాడు. తన ముక్కు ఒక్క తనదే అనుకుంది ఇన్నాళ్లూ.

అందుకే మూడో పేట, తన వంతు, నది దాటి కాసిలియాస్ అంది. ఇరవై ఏళ్లప్పుడు సెలెస్త్ చేపల బజారులో మొదటి కూలి అందుకున్న రోజు ముగ్గురూ ఇక్కడికే వచ్చారు, రేవు పక్కన ఆల్చిప్పలు, వెల్లుల్లీ ఆలివ్ నూనే కొత్తిమీరా వేసి మూత పెట్టి, చిప్పలు తెరుచుకోగానే తెచ్చి బల్ల మధ్యన మూత తీసేవారు, ఆ ఆవిరి, ఆ ఆవిరిలో ముగ్గురి తలలూ కలిసిపోయి, ఎవరి చేయి ఎవరిదో తెలీకుండా. వాసన ఎక్కడైనా తిరిగొస్తే ఇక్కడే రావాలి, రాకపోతే ఇక రాదు, అని తనలో తను ఒక మొక్కులాంటిది మొక్కుకుంది. మూత తీశారు. ఆవిరి ముఖానికి తగిలింది, తడిగా, వెచ్చగా, మూగగా. అంతే మరి. ఆకుపచ్చ తరుగు చిప్పల్లో మెరుస్తోంది. రొట్టె ముంచింది, నమిలింది, ఉప్పగా ఉంది, పుల్లగా నిమ్మ ఉంది, ఇద్దరూ తనవైపే చూస్తున్నారు, ఇద్దరి ముఖాల్లోనూ అరువు తెచ్చుకోవడానికి ఏ రుచీ కనపడలేదు, అయినా అలవాటుగా అంది, "అబ్బ, కొత్తిమీర ఎంత బాగా పట్టిందో చూడవే."

సెలెస్త్ రొట్టె కింద పెట్టింది.

"అందులో కొత్తిమీర లేదే, ఇదలీనా."

"లేకపోవడమేమిటి?"

"పార్స్లీ. చూపుకి ఒకేలా ఉంటుంది, తరిగితే అసలు తెలీదు. వంటావిడకి చెప్పి నేనే వేయించాను." సెలెస్త్ చిప్పల పళ్లెం ఇవతలికి లాగింది. "నువ్వు కొత్తిమీరతో పుట్టినదానివి. మీ అమ్మ పాలలో కూడా అదే వాసన అనేవాళ్లం. ఎప్పటినుంచి?"

"పరీక్ష పెట్టావా నాకు? ఈ వయసులో, కొట్టులో కూర్చోబెట్టి?"

"మరి నోరు విప్పి చెప్పావా? ఇన్ని నెలలు నా ముందు నాటకమాడావు. నా ముందు!"

"నీ చేపలు కొన్నానని నా ముక్కు కూడా నీదేననుకున్నావా?" అంది ఇదలీనా, లేచి నిలబడి, గట్టిగా, పక్క బల్లలవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా. కోటు తీసుకుని రేవుకి వచ్చేసింది. వెనకే మంచు వచ్చింది నది మీంచి, మనిషిలాగా నడిచి.

అర్మిందో ఇటొచ్చి ఎదురు బల్ల చివర కూర్చున్నాడు. కూర్చున్నాడంటే విషయం పెద్దదే.

"నీకొకటి చెప్పాలి. చెప్పానని దానికి చెప్పకు."

"చెప్పనని మాటివ్వకపోయినా చెబుతావుగా."

"మోకాళ్ల నొప్పులని చేపల కొట్టు మేనకోడలికి ఇచ్చేసి ఇంట్లో కూర్చున్న మనిషి, పొద్దున్నే ఆరింటికి నీ గుమ్మం దగ్గర ఏం చేస్తోందనుకున్నావు?"

"చేపలు తెస్తుంది. కాఫీ తాగి పోతుంది."

"కాఫీ దానింట్లో లేదా?" అని లేచి మళ్లీ కడ్డీ పట్టుకున్నాడు.

కాఫీ దానింట్లో లేదా. ఇదలీనా ఆ మాట పట్టుకుని వెనక్కి నడిచింది, అక్టోబరులోకి, సెప్టెంబరులోకి, వంటగది వెనక తలుపులోకి, అక్కడ ప్రతి పొద్దునా సెలెస్త్ ఉంది. "ఉండవే, మోకాలు పీకుతోంది, కాసేపు ఇక్కడ కూర్చుంటా," అని పొయ్యి పక్కన ముక్కాలిపీట మీద. గ్యాసు గొట్టం పక్కన. బూటు తాడు ఊడిందని వంగి, ఎన్నిసార్లు ఊడుతుంది ఒక మనిషి బూటు తాడు, గొట్టం దగ్గర అంతసేపు తల వంచి. నిన్నటి కుండల మూతలు ఊరికే తీసి పెడుతూ, "ఇది పారేస్తాలే, నా పిల్లికి కావాలి," అని తీసుకుపోతూ. సెలెస్త్‌కి పిల్లి లేదు! రెండేళ్ల కిందట చచ్చిపోయింది. సెప్టెంబరులో ఒకరోజు సార్డీన్ చేపల బుట్ట తనే వాసన చూసినట్టు ముఖం పెట్టి బాగున్నాయంది, అవి మేనకోడలు పంపిన బుట్ట, సెలెస్త్ ఒక్క మాటా అనకుండా బుట్ట ఎత్తుకుని "తప్పు బుట్ట తెచ్చానే, ఇవి వేరేవాళ్లవి," అని ఆ మోకాళ్లతో కొండ దిగి మళ్లీ ఎక్కి ఇంకో బుట్ట తెచ్చింది. ఎండలో. చెమటలు కక్కుతూ. తను ఆ రోజు విసుక్కుంది కూడా, పొయ్యి మీద నూనె కాగిపోతోందని. సెలెస్త్‌కి అప్పటినుంచీ తెలుసు. నాటకమాడింది తనొక్కతే కాదు, ఇద్దరూ, ఒకే వంటగదిలో, ఒకరికొకరు వీపు పెట్టుకుని, ఒకరినొకరు కాపాడుకుంటూ. తినడానికి వచ్చినవాళ్లకి ఇన్నాళ్లూ ఏమీ కాలేదంటే చెయ్యికి తెలిసి కాదు, సెలెస్త్ ముక్కు వల్ల. అది అనుకోగానే ఇదలీనా అద్దం మీంచి చెంప తీసింది, సిగ్గుగా ఉంది, సిగ్గుతో పాటు ఇంకేదో కూడా.

పడవ ఒక్కసారి వణికింది. తాళ్లు పడ్డ చప్పుడు. కూత. మంచు తగ్గలేదు, అయినా అనుమతి వచ్చినట్టుంది, నడకకంటే నెమ్మదిగా తెలుపులోకి జారింది, రేవు దీపం రెండు గజాల్లో మాయమయింది. ఇప్పుడు రెండు ఒడ్లూ లేవు. ఇదలీనా లేచి, బల్లల వీపులు పట్టుకుంటూ వెళ్లి, సెలెస్త్ పక్కన కూర్చుంది. సెలెస్త్ జరగలేదు. జరగకపోవడం మంచిదే, భుజానికి భుజం తగిలింది.

"నాకు వాసన రావట్లేదు," అంది ఇదలీనా. ఆ మాట నోటితో అనడం అదే మొదలు. బయటికి వచ్చాక చిన్న మాటలాగే వినపడింది. "ఫిబ్రవరి నుంచి. ఏదీ రావట్లేదు."

సెలెస్త్ కిటికీవైపే చూస్తూ ముక్కు చీదింది. "తెలుసు."

"తెలుసని తెలిసింది."

"ఆ నోరాగని వెధవ చెప్పాడా?"

"కొంచెం చెప్పాడు. పిల్లి చచ్చిపోయిందిగా, ఆ సంగతి నేనే గుర్తు తెచ్చుకున్నా."

సెలెస్త్ భుజం ఒక అంగుళం దిగింది. నవ్వో ఏడుపో, శాలువా కదిలింది. "అరవాలనిపించింది నాకు. హెర్మీనియా గ్యాసు సంగతి చెప్పిన రోజు, నీ గుమ్మంలో నిలబడి నిన్ను తిట్టి జుట్టు పట్టి ఊపాలనిపించింది. నువ్వే చెబుతావని ఆగా. ఎన్నాళ్లని ఆగను? నాకు మోకాళ్లు లేవు."

"కొట్టు మూసేద్దామనుకున్నా. ఈ నెలాఖరుకి."

సెలెస్త్ అప్పుడు తిరిగి చూసింది. ఇదలీనా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది, గరుకు వేళ్లు, నలభై ఏళ్ల పొలుసులూ మంచుగడ్డా తిన్న వేళ్లు. పడవ తెలుపులో పోతూనే ఉంది. కూత వేస్తోంది, దూరాన ఇంకేదో పడవ బదులిస్తోంది. నిద్రలో పక్కగదిలో ఎవరో మాట్లాడుతున్నట్టుంది. ఎంతసేపయిందో, ఎంత నది మిగిలిందో తెలీదు.

"ఇప్పుడేం వాసన వస్తోంది?" అంది ఇదలీనా.

"నన్నడుగుతావేం, చేపలమ్ముకునేదాన్ని, నాకు మాటలొచ్చా?"

"చెప్పవే."

సెలెస్త్ తల ఎత్తింది. ముక్కుపుటాలు కదిలాయి, బజారులో బుట్ట ముందు వంగినప్పటిలా, శ్రద్ధగా. "డీజిలు. తడిసిన ఉన్ని, అది నా శాలువా. ఎవడో నారింజ ఒలిచాడు, వెనకాల. తర్వాత... అర్మిందో మేజోళ్లు."

"విన్నాను," అన్నాడు అర్మిందో.

"నది?"

"నది తీపి పోయి ఉప్పయింది, పోటు వస్తోంది. తడి ఇనుము. మన బళ్లో నల్లబల్ల తుడిచే గుడ్డ ఉండేది చూడు, అది. కొంచెం అది." ఇదలీనా కళ్లు మూసుకుంది, నల్లబల్ల గుడ్డ వచ్చింది, బూడిదరంగుగా, చల్లగా, సున్నం మరకతో, వాసన కాదు, వాసన కూర్చునే చోటు. సెలెస్త్ వేళ్లు బిగిశాయి. "ఆగు. పొగ. బొగ్గు పొగ. ఉప్పు చల్లి గింజలు కాలుస్తున్నారు. చెస్ట్‌నట్లు. ఒక పక్క మాడుతున్నాయి కూడా, తిప్పట్లేదు ముండాకొడుకు. ఇదలీనా, ఒడ్డొచ్చింది."

కళ్లు తెరిచి చూసింది ఇదలీనా. ఏమీ లేదు. తెలుపు. పడవలో మిగిలినవాళ్లెవరూ లేవనే లేదు, ఒకాయన గడియారం చూసుకుంటున్నాడు. కానీ ఆమె లేచింది, కోటు బొత్తాలు పెట్టుకుంది, సెలెస్త్ చెప్పింది గనక ఒడ్డు అక్కడుందని ఆమెకి అనుమానమే లేదు. నాలుగు నిమిషాల తర్వాత, ముందు ఒక పసుపుపచ్చ మరక, తర్వాత దాని కింద స్తంభం, తర్వాత లిస్బన్ అంతా, తడిగా, నెమ్మదిగా, ఒక్కొక్క దీపంగా వచ్చింది.

దిగే బల్ల మీద ముగ్గురూ వరసగా నడిచారు, ముందు అర్మిందో, "మెట్టుంది, మెట్టుంది, ముసలమ్మలూ," అంటూ. సెలెస్త్ మోకాలు పట్టేసింది, ఇదలీనా ఆమె మోచేయి కింద చెయ్యి వేసింది. జనం వాళ్లని దాటుకుని ట్రాములవైపు పరుగెత్తుతున్నారు.

"రేపు సోమవారం," అంది సెలెస్త్, నేలకేసి చూస్తూ. "ఏం వండుతున్నావు?"

తొమ్మిది నెలలుగా ఇదలీనా చెయ్యి ఎరిగినవే వండింది, కొత్తది ఒక్కటీ ముట్టలేదు, భయం. ఎదురుగా వీధి మొత్తం మెరుస్తోంది, రాళ్లు తడిసి.

"తెలీదు," అంది. "పొద్దున్నే రా. మూత తీసి నువ్వే చెబుదువుగాని."